నీళ్లు తేరుకునే కాలం

అక్టోబరు వచ్చిందంటే నా ఫోన్‌లో ఆకులు రాలడం మొదలవుతుంది. న్యూజెర్సీలో స్థిరపడిన బీటెక్ ఫ్రెండ్స్, బోస్టన్‌లో ఎంఎస్ చేస్తున్న చిన్నాన్న కొడుకు, వర్జీనియాలో ఇల్లు కొనుక్కున్న సీనియర్ అక్క... అందరి స్టోరీల్లోనూ అవే మేపుల్ చెట్లు, అవే ఎర్రటి ఆకులు, చేతిలో పొగలు కక్కే కాఫీ కప్పు. క్యాప్షన్లు కూడా ఇంచుమించు ఒకటే. రాలిపోవడంలో కూడా అందం ఉందట. హైటెక్ సిటీలో ఏసీ కింద శాలువా కప్పుకుని కూర్చుని అవి స్క్రోల్ చేస్తుంటే, చెట్టు ఎక్కడో ఉన్నా ఆకు మాత్రం నాలోంచే రాలుతున్నట్టు ఉండేది.

నాకు 29 ఏళ్లు. ఈ మాట ఇంట్లో అంటే "నీదీ ఒక వయసేనా" అని నవ్వుతారు. అదే పెళ్లి మాట వచ్చినప్పుడు మాత్రం "ముప్పై వస్తున్నయ్" అని బెంగపడతారు. రెండింట్లో ఏది కరెక్టో వాళ్లే తేల్చుకోవాలి. ఆఫీసు లెక్క ఇంకోలా ఉంటుంది. ఈ జులైలో మా టీమ్‌లో చేరిన పిల్లలు 2003లో పుట్టారు. మొదటి వారం "అక్కా" అన్నారు, రెండో వారానికి "మేడం" అయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్‌ని వాళ్లు 'లెగసీ' అంటున్నారు. తిట్టేం కాదది, మామూలు టెక్నికల్ పదమే. అయినా గుచ్చుకుంది. ఎడమ చెవి పైన తెల్ల వెంట్రుకలు ఆరు దాకా లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. మెడ ఒకవైపు తిరగాలంటే నడుము పర్మిషన్ కావాలి.

ఆగస్టులో మా కంపెనీలో కొంతమందిని తీసేశారు. మా టీమ్‌లోంచి ముగ్గురు వెళ్లిపోయారు. వాళ్లు చేసే పని మాత్రం ఎక్కడికీ పోలేదు. దసరా ముందు మూడు వారాలు రోజుకి ఐదు గంటల నిద్ర కూడా లేదు. ఒకరోజు లిఫ్ట్ ఎక్కాను, తలుపులు మూసుకున్నాయి, ఏ అంతస్తు నొక్కాలో గుర్తుకు రాలేదు. ఏళ్ల తరబడి రోజూ వెళ్తున్న అంతస్తు అది. కొన్ని సెకన్లే అనుకోండి. కానీ ఆ కొన్ని సెకన్లు నన్ను భయపెట్టినట్టు ఏ ప్రొడక్షన్ ఇష్యూ భయపెట్టలేదు. డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి, విటమిన్ మాత్రలు రాసి, "ముందు నిద్రపోమ్మా" అంది. అలా బతుకమ్మకి, దసరాకి కలిపి సెలవు పెట్టి జనగామ దగ్గర మా ఊరికి వెళ్లాను. లాప్‌టాప్ కూడా వెంట వచ్చింది, అది వేరే విషయం.

ఆకు రాలే కాలం మనది కాదు

ఊరెళ్లాక మొట్టమొదట గమనించింది ఇదే: అక్కడ ఏదీ రాలడం లేదు. అంతా పూస్తోంది. గట్ల మీద తంగేడు పచ్చగా విరగబూసింది. జొన్న చేలల్లో, బీడు భూముల్లో గునుగు తెల్లగా, కొసన గులాబీ రంగుతో నిలబడి ఉంది. వాగు ఒడ్డున రెల్లు దుబ్బులు వెండి రంగులో ఊగుతున్నాయి. ఇది మన శరదృతువు. ఆశ్వయుజం, కార్తీకం. క్యాలెండర్‌లో అమెరికా వాళ్ల ఫాల్, మన శరత్తు దాదాపు ఒకేసారి వస్తాయి కాబట్టి రెండింటినీ ఒకటే అనుకుంటాం గానీ, వాటి స్వభావం పూర్తిగా వేరు.

అక్కడ మేపుల్ రంగు మారడానికి కారణం పగలు చిన్నదైపోవడం, చలి. ఆకులో పత్రహరితం విరిగిపోతుంది, పనికొచ్చే పోషకాలని చెట్టు వెనక్కి తీసుకుంటుంది. అప్పటిదాకా ఆకుపచ్చ కింద దాక్కున్న పసుపు రంగు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పుడే కొత్తగా తయారవుతుంది. బోస్టన్‌లో ఏడాదిలో అతి పొడవైన పగటికీ, అతి చిన్న పగటికీ మధ్య తేడా సుమారు 6 గంటలు. హైదరాబాద్‌లో అది 2 గంటలే. మన చెట్లకి వెలుతురు కరువు లేదు, నీటి కరువే. అందుకే మన టేకు, మోదుగ, బూరుగ ఆకులు రాల్చేది శిశిరంలో, మాఘ ఫాల్గుణ మాసాల్లో. అదీ ఎంతసేపు? ఆకులన్నీ రాలిన మోదుగ కొమ్మ మీదే ఎర్రటి పూలు వచ్చేస్తాయి. ఆ వెనకే ఉగాది.

అంటే ఎవరో రాలుతున్న ఆకుల ఫొటోలు పెడుతుంటే, అవి మనకి సంబంధించినవే అనుకుని నేను ముసలిదాన్ని అయిపోతున్నాను. తప్పు వాళ్లది కాదు, వాళ్ల కిటికీ బయట ఉన్నది వాళ్లు పెడుతున్నారు. నా కిటికీ బయట ఏముందో చూడాల్సింది నేను.

ఒక సరదా సంగతి చెప్తాను. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర వృక్షం జమ్మి. క్విజ్ ప్రశ్నలాగా అందరం బట్టీ పట్టినవే. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తంగేడు బతుకమ్మ పువ్వు. పాలపిట్టని చూడాల్సింది దసరా నాడు. జమ్మి చెట్టుకి పూజ కూడా అదే సాయంత్రం. రాష్ట్రం ఎంచుకున్న పువ్వు, పిట్ట, చెట్టు మూడూ ఈ రుతువులోవే. వీటిని ఎంచుకున్నవాళ్లు ఇలా అనుకునే ఎంచుకున్నారో లేదో గానీ, నాకైతే ఇది భలే నచ్చింది.

బర్లు దిగితే మళ్ల మొదటికి

మా బాపమ్మకి ఎనభైకి దగ్గర. పుట్టిన తేదీ కాయితం లేదు. "రజాకార్ల గడబిడల నేను మా అవ్వ సంకలున్న" అంటుంది, అదే ఆమె బర్త్ సర్టిఫికెట్. నాలుగేళ్ల కిందటి దాకా బతుకమ్మని తనే పేర్చేది. ఇప్పుడు కింద కూర్చుంటే లేవలేదు. కుర్చీలో కూర్చుని చెప్తుంది, అమ్మ, నేను పేరుస్తాం. గునుగు కాడలు సమానంగా కత్తిరించి, కొసలకి రంగులు అద్ది, తాంబాళంలో గుమ్మడాకుల మీద వరసలు. మధ్యలో కూలిపోకుండా ఆకులు కూరాలి. "వట్టి పూలు పెడ్తె నిలవడదే, నడుమ ఆకు దట్టియ్యాలె" అని ఐదుసార్లు అంది. ఈసారి గునుగు కోసం నాన్న రెండు కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. దగ్గర్లో ఉన్న బీడు ప్లాట్లు అయిపోయింది. హద్దురాళ్ల మధ్య మొలవాల్సిన గునుగుని మందు కొట్టి చంపేశారు, కొనేవాళ్లకి నేల శుభ్రంగా కనిపించాలి కదా.

సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం చెరువుకి వెళ్లాం. బాపమ్మ ఆటోలో వచ్చి కట్ట మీద కూర్చుంది. ఆగస్టులో మత్తడి దుంకిన చెరువు అది. అప్పుడు అమ్మ పంపిన వీడియోలో నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. ఇప్పుడు ఒడ్డు దగ్గర మోకాలి లోతులో గులకరాళ్లు కనిపిస్తున్నాయి.

"అడుగు కనవడ్తాంది చూడు. నీళ్లు తేరినయ్ బిడ్డా," అంది బాపమ్మ.

"వానలు తగ్గినయ్ కదా."

"వానలు తగ్గుడొక్కటే కాదే. చెర్ల ఎవ్వలు దిగకుంటెనే తేరుతయ్. బర్లను తోల్తె మళ్ల మొదటికొస్తది."

తేరడం. ఎప్పుడూ వింటున్న మాటే, అప్పుడు మాత్రం ఆగి విన్నాను. జ్వరం నుంచి తేరుకున్నాడు అంటాం. అప్పుల్లోంచి తేరుకున్నారు అంటాం. చావు జరిగిన ఇంటివాళ్లని "కొంచెం తేరుకున్నారా" అని అడుగుతాం. వాన నీళ్లకీ అదే మాట. జబ్బు పడ్డ మనిషి, బురద కలిసిన చెరువు, రెండూ చేసే పని తెలుగులో ఒకటే. అందులో ఒక కిటుకు ఉంది. తేరుకోవడానికి నీళ్లు ఏమీ చేయవు. యోగా చేయవు, మార్నింగ్ రొటీన్ పెట్టుకోవు. కదలకుండా ఉంటాయంతే. మట్టి తనంతట తనే కిందికి దిగుతుంది.

ఇంజినీరింగ్ చదివిన పాపానికి ఆ రాత్రి లెక్క కూడా వేశాను. నీళ్లలో రేణువు ఎంత వేగంగా దిగుతుందో చెప్పే స్టోక్స్ సూత్రం ఉంది కదా, ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో పరీక్ష కోసం చదివి మర్చిపోయాం, అది. రెండు మైక్రాన్ల మందం ఉన్న బంకమట్టి రేణువు, కదలని నీళ్లలో ఒక మీటరు దిగడానికి సుమారు 3 రోజులు పడుతుంది. అర మైక్రాన్ రేణువైతే దాదాపు 50 రోజులు. ఎంత సన్నటి మట్టి అయితే అంత ఎక్కువ కాలం. మధ్యలో ఎవరైనా కలిపితే లెక్క మళ్లీ సున్నా నుంచి. మన వీకెండ్ 2 రోజులు. రెండు మైక్రాన్ల మట్టికే చాలదు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఆఫీస్ చాట్ టింగుమంటే, బర్లు దిగినట్టే.

తొందరగా తేరాలంటే పాత రోజుల్లో చిల్లగింజ ఉండేది. కుండ లోపల ఆ గింజని అరగదీస్తే మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువై, త్వరగా అడుక్కి చేరతాయి. వాటర్ ప్లాంట్లలో పటికతో చేసేది ఇదే పని. నా బుర్రకి చిల్లగింజ ఏదని బాపమ్మని అడిగాను. "పండుకో" అంది. డాక్టరమ్మ ఫీజు తీసుకుని చెప్పిన మాటే.

న్యూజెర్సీకి కనిపించని నక్షత్రం

నిద్ర ఒక్కసారిగా దారికి రాదు. మొదటి నాలుగు రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేసేది. గుండె దడదడ, ఏదో రిలీజ్ మిస్సయినట్టు. ఫోన్ పట్టుకోకుండా ఉండాలని డాబా ఎక్కేదాన్ని. వానాకాలం అంతా మూసుకుపోయిన ఆకాశం కడిగినట్టు ఉంది. దక్షిణం వైపు నడినెత్తికి కొంచెం దిగువన సిరియస్. దానికింద, దూరంగా, తాటిచెట్ల తలలకి కాస్త పైన ఇంకో పెద్ద చుక్క, నిలకడగా. యాప్‌లో చూస్తే కనోపస్. మనవాళ్ల అగస్త్యుడు. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత ప్రకాశంగా ఉండే నక్షత్రం అదే.

అగస్త్య నక్షత్రం ఉదయిస్తే నీళ్లు తేటపడతాయని మన పెద్దల నమ్మకం. కాళిదాసు రఘువంశంలో కూడా శరత్తు వర్ణించేటప్పుడు ఈ మాట వస్తుంది. నిజానికి నక్షత్రానికీ చెరువుకీ ఏ సంబంధమూ లేదు. రెండూ ఒకే సమయానికి జరుగుతాయి, అంతే. మా భాషలో చెప్పాలంటే కోరిలేషన్, కాజేషన్ కాదు. కానీ క్యాలెండర్ లేని రోజుల్లో, వానలు వెనక్కి తగ్గే సమయం వచ్చిందని గుర్తుపట్టడానికి ఒక చుక్కని పెట్టుకోవడం మంచి ఇంజినీరింగే కదా.

ఆ చుక్క మనకి సుమారు 310 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నేను చూసిన వెలుతురు అక్కడ బయల్దేరేసరికి గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కి ముప్పై ఏళ్లు దాటలేదు. అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన వెలుతురు ముందు, నా ఇరవై తొమ్మిదేళ్ల అలసట మరీ పెద్దగా కనిపించలేదు. ఇంకో మాట. ఉత్తరాన సుమారు 37 డిగ్రీల అక్షాంశం దాటితే కనోపస్ అసలు కనపడదు. బోస్టన్, న్యూజెర్సీ రెండూ ఆ గీతకి పైనే. చిన్నాన్న కొడుక్కి మెసేజ్ పెట్టాను: నీకు మేపుల్ ఉంది, నాకు అగస్త్యుడు ఉన్నాడు. థంబ్స్ అప్ పెట్టాడు. వాడికి అప్పుడు సాయంత్రం, ల్యాబ్‌లో ఉన్నాడు.

పాత ఆశీర్వచనాల్లో ఆయుష్షుని శరత్తుల్లో లెక్కపెట్టేవారు. నూరు శరత్తులు చూడాలి, నూరు శరత్తులు బతకాలి అని కోరుకునేవారు. సంస్కృతంలో శరత్ అంటే రుతువే కాదు, సంవత్సరం కూడా. వానాకాలం దాటి, నీళ్లు తేటపడి, ఆకాశం విచ్చుకుంటే అప్పుడు ఒక ఏడాది గడిచినట్టు. ఆ లెక్కన నాకు ముప్పయ్యోది నడుస్తోంది. బాపమ్మవి ఎనభై కావొస్తున్నాయి. ఎలా చూసినా నాది ఇంకా పొద్దున్న పూటే.

అత్తమ్మా, బంగారం

దసరా సాయంత్రం జమ్మి తెచ్చుకున్నాక మా ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతారు. జమ్మి ఆకుని 'బంగారం' అని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకి మొక్కుతారు. తోటివాళ్లయితే అలాయ్ బలాయ్ తీసుకుంటారు. అమెరికాలో ఆకు నేల మీద రాలితే, ఇక్కడ చిన్నవాళ్ల చేతిలోంచి పెద్దవాళ్ల చేతిలోకి వెళ్తుంది. చిన్నప్పటి నుంచి నేను ఇచ్చేవైపే. ఈసారి పెదనాన్న మనవలు ఇద్దరు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"అత్తమ్మా, బంగారం!"

అరచేతిలో ఆకులు పెట్టి ఇద్దరూ వంగారు. నాకు ఒక్క క్షణం ఏం చేయాలో తోచలేదు. దీవించాలి, చేతిలో ఏదైనా పెట్టాలి. జేబులో రూపాయి లేదు. "ఫోన్‌లో పంపనా?" అన్నాను. పదేళ్లవాడు ఏమాత్రం తడుముకోకుండా "నాయిన నంబర్‌కి కొట్టు, నేను తీస్కుంట" అన్నాడు. ఇద్దరి తలల మీద చేయి పెట్టాక నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు. "సల్లంగుండు బిడ్డా." అచ్చం బాపమ్మ గొంతు, బాపమ్మ యాస. కుర్చీలోంచి ఆమె పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. ఆఫీసులో "మేడం" అంటే కలుక్కుమన్న వయసు, ఇక్కడ "అత్తమ్మా" అంటే ఎందుకు తీయగా ఉందో నాకు అర్థం కావడానికి పెద్దగా టైమ్ పట్టలేదు. అక్కడ పెద్దదాన్నయితే పాతబడ్డట్టు. ఇక్కడ పెద్దదాన్నయితే నా దగ్గరికి నలుగురు వస్తారు.

ఈ రుతువుని మరీ ఆకాశానికి ఎత్తేస్తున్నానని మీకు అనిపించొచ్చు. మా టీమ్‌లో విశాఖ అమ్మాయికి అలాగే అనిపించింది. శరత్తు గురించి నేను మొదలుపెడితే తను చేతులెత్తి దండం పెట్టింది. అక్టోబరు అంటే వాళ్లకి బంగాళాఖాతం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తను స్కూల్లో ఉంది, వీధిలో నిలబడ్డ చెట్టు లేదంది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చింది. అంతదాకా ఎందుకు, హైదరాబాద్‌లో కాలనీలు మునిగింది 2020 అక్టోబరు 13 నాడే. కాబట్టి శరత్తు అందరికీ ప్రతి ఏడూ నెమ్మదిగా రాదు. వచ్చిన ఏడు కళ్లారా చూసుకోవాలి, అంతవరకే నేను చెప్పగలిగేది.

హైదరాబాద్ తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్ రోడ్డు మీద ఏడాకుల పాల పూసింది. రాత్రయితే ఆ వాసన రోడ్డు చివరి దాకా వస్తుంది. కొందరికి తలనొప్పి, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏటా దీని మీద పంచాయితీ జరుగుతుంది. నాకు మాత్రం ఇష్టం. దాని శాస్త్రీయ నామంలో 'స్కొలారిస్' అని ఉంటుంది, ఒకప్పుడు బడిపిల్లల పలకలు ఆ చెక్కతో చేసేవారట. సాయంత్రం పార్కింగ్ పైన తూనీగలు గుంపులుగా తిరుగుతున్నాయి. వాటిలో ఒక జాతి ఈ రోజుల్లోనే మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వైపు వెళ్తుందని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశాడు. వెళ్లిన తూనీగ తిరిగి రాదు, దాని తర్వాతి తరాలు వస్తాయి. పని మధ్యలో ఇంకొకరికి అప్పగించి వెళ్లడం వాటికి నామోషీ కాదు. నేను కూడా రెండు మాడ్యూళ్లు ఆ 2003 పిల్లలకి అప్పగించాను. లెగసీ అన్నారుగా, తెలుసుకోనివ్వండి.

మేనేజర్‌తో మాట్లాడి, మిగిలిపోయిన సెలవుల్లోంచి నవంబరు దాకా వారం విడిచి వారం సోమవారాలు తీసుకున్నాను. కారణం ఏమిటని అడిగాడు. రెండు మైక్రాన్ల లెక్క చెప్తే నవ్వి ఒప్పుకున్నాడు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పుతారు. మా రాత్రి తొమ్మిదిన్నర కాల్ పదిన్నరకి జరుగుతుంది. ఇన్నేళ్లూ నాకు ఫాల్ వచ్చిందని తెలిసేది దాంతోనే. ఈసారి ఆ కాల్ వారానికి రెండు రోజులే వస్తానని ముందే రాసి పెట్టాను. జవాబు ఇంకా రాలేదు. ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుందో తెలీదు, తెల్ల వెంట్రుకలు ఆరు మీద ఎన్నో అది కూడా తెలీదు. లిఫ్ట్‌లో మాత్రం మళ్లీ అలా జరగలేదు.

ఊరి నుంచి వచ్చేటప్పుడు బాపమ్మ ఒక అట్టపెట్టె నిండా పచ్చి సీతాఫలాలు పెట్టించింది. కళ్లు విచ్చుకున్నవి పైన, ఇంకా విచ్చుకోనివి కింద. పేపరు చుట్టి మంచం కింద పెట్టమంది, ఫ్రిజ్‌లో పెట్టొద్దంది. "రోజుకు రెండు పండుతయ్. ఊకె పిసికి సూడకు, నల్లగైతయ్," అని బస్సు కదిలాక కూడా ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు ఇది రాస్తుంటే గది అంతా ఆ వాసనే. పొద్దున రెండు తిన్నాను. కింది వరసలో ఇంకా పదకొండు ఉన్నాయి.